లింబాయత్ మహారాజా వారి తొలి రిలీజ్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడేమో రోజుకు నాలుగైదు బయటపడుతున్నాయి. అప్పట్లో గుజరాత్‌లో, బట్టల మిల్లులుండే ఉధ్నా అనే పేటలో, చీరల వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. లింబాయత్‌లో మరమగ్గం నడిపే మా నాయనకు నా పనేమిటో చెప్పాలని ఒకసారి కూర్చున్నాను. "రాసిన కోడంత గిట్‌ల పెడ్త నాయినా" అన్నాను. "గిట్ల అంటే ఎట్లరా?" అన్నాడు. (ఆ చర్చ అక్కడితో ముగిసింది.)

గిట్ అంటే, రాసిన ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారన్న దానితో సహా దాచిపెట్టే ఏర్పాటు. మా ఆఫీసులో దాన్ని చూసుకునేది అక్క. ఆమెదీ మాలాగే వలస వచ్చిన తెలుగు మగ్గాల కుటుంబమే, దగ్గరలోని వడోద్ బస్తీ నుంచి వచ్చేది. ఆఫీసు యజమాని గుజరాతీ సేఠ్‌తో సహా అందరికీ ఆమె అక్కే. ఏ మార్పయినా వ్యాపారులకు చేరాలంటే ఆమె చేతి మీదుగానే పోవాలి. అంతా పరీక్షించి, ఆ రూపానికి నంబరుతో చీటీ అంటించినట్టు ఒక ట్యాగ్ పెట్టి, ఏం మారిందో నాలుగు ముక్కలు రాసి, అప్పుడు వదిలేది. రిలీజ్ అంటే అదే. రెండు నిమిషాల పనికి సగం రోజు తీసుకుంటుందేమిటా అని ఆమె మీద జాలిపడేవాణ్ణి.

ఒకరోజు అక్క వాళ్ళమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పార్సిళ్ళ మీద అంటించే లేబుళ్ళలో అక్షరాలు పక్కకు జరుగుతున్నాయని వచ్చిన ఫిర్యాదును నేను అప్పటికే సరిచేసి ఉన్నాను. ఆమె వచ్చేలోగా రిలీజ్ చేసి అబ్బురపరుద్దామనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. అందరి కోడూ ఉండే ఆఫీసు సర్వర్‌లో బారెడు పొడవున్న పాత ట్యాగుల జాబితా చూసి, చెత్త పేరుకుపోయిందనుకుని, శుభ్రంగా ఊడ్చేశాను. తర్వాత నా మార్పును వదిలి, టీ తెప్పించుకున్నాను.

టీ సగంలో ఉండగా మార్కెట్‌లోని ఒక చీరల దుకాణం నుంచి ఫోను. అక్షరాలు చక్కగా కుదిరాయట. కాకపోతే ప్రతి పార్సిల్ మీదా దుకాణం పేరుకు బదులు "లింబాయత్ మహారాజా" అని పడుతోందట. పరీక్ష కోసం నేను పెట్టుకున్న పేరది. (ఎవరూ చూడరు కదా అని మనిషి తనకు తాను ఇచ్చుకునే బిరుదులు అలాగే ఉంటాయి.) మధ్యాహ్నానికి ఆ పార్సిళ్ళతో టెంపో కదలాలి. వెనక్కి తిప్పుదామంటే, వందల మార్పుల్లో నిన్నటిదాకా నడిచిన రూపం ఏదో చెప్పే ట్యాగే లేదు. అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"సర్వర్‌ల పోతే పోయినయ్. నా ల్యాప్‌టాప్‌ల అన్ని ఉన్నయ్. నువ్వు జర ఏం ముట్టకు, వస్తున్న."

షేర్ ఆటోలో వాళ్ళమ్మతో సహా దిగింది. చుక్కల మందు వేసిన కళ్ళకు నల్లద్దాలతో ఆ పెద్దావిడ నా కుర్చీలో కూర్చుని, నేనున్న దిక్కు కాకుండా వేరే దిక్కుకు చూస్తూ నన్ను ఓదార్చసాగింది. అక్క తన దగ్గరున్న ట్యాగులన్నీ సర్వర్‌లోకి తిరిగి పంపి, ముందటి రిలీజ్‌ను పది నిమిషాల్లో నిలబెట్టింది. సేఠ్ వచ్చి ఎవరు చేశారని అడిగితే, రిలీజులు తన బాధ్యతనీ, ఎవరు పడితే వాళ్ళు వదిలేలా తాళం వేయకుండా ఉంచడం తన తప్పేననీ హిందీలో చెప్పింది. నా పేరు ఎత్తలేదు. ఆ తర్వాత నన్ను ఆ దుకాణం గోదాముకు తీసుకెళ్ళి, హమాలీల మధ్య తనూ కూర్చుని నాతో పాటు లేబుళ్ళు పీకింది. (మహారాజా ఎవరో వాళ్ళకు తొందరగానే అర్థమైంది. నేను ఆ వీధిలో కనబడితే చాలా రోజులు సలాములు కొట్టేవాళ్ళు.) టెంపో గంట ఆలస్యంగా కదిలింది.

నన్నెందుకు తిట్టలేదని దారిలో అడిగాను.

"తప్పు నేను చెయ్యనా ఏంది? ఎనకకు వచ్చే తొవ్వ ఉంచుకోవాలె. నువ్వు గా తొవ్వనే ఊడ్చినవ్" అంది.

తర్వాత ఆరు నెలలు ప్రతి రిలీజ్‌కూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం మారిందో నాతోనే రాయించి, అర్థం కాకపోతే తిరగరాయించింది. ఒక ఉదయం కుర్చీ నాకు వదిలి, "ఇయ్యాల నువ్వే చెయ్, నేను చాయ్‌కు పోతున్న" అని మెట్లు దిగిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. రెండు వరసల ఆదేశం టైపు చేయడానికి నాకు ముప్పావుగంట పట్టింది. ట్యాగ్ నంబరు ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్క లేదు. అయ్యాక కిందికి పరుగెత్తాను. అక్క టీ బండి దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన నాకోసం చెప్పిన గ్లాసు మీగడ కట్టి చల్లారిపోయింది. అయిందా అని అడగలేదు. "తాగు" అంది.

ఇప్పుడు రిలీజులు నేనే చేస్తాను, ఒక్కోసారి ఫోన్ మాట్లాడుతూ కూడా. ఆ ఉదయం ట్యాగ్ నంబరులో ఒక్క చుక్క పెట్టడానికి మూడుసార్లు ఊపిరి బిగబట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. అంత రుచిగా ఉన్న చల్లటి టీ నేను మళ్ళీ ఎప్పుడూ తాగలేదు.