యేస్ అంటే వస్తున్నానని

మంగళక్కను ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకదు. వంటింట్లో పక్కనే నిలబడి పిలిచినా అంతే. మొదటి పిలుపుకు చేతిలో పని ఆపుతుంది. రెండో పిలుపుకు తల కొంచెం పక్కకు తిప్పుతుంది. మూడోదానికి "ఆఁ, చెప్పు" అంటుంది. సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఇరుగుపొరుగు ఆమెకు కాస్త చెవుడు అనుకునేవారు. "మా ఇంట్ల ఎంటర్ కీ మూడుసార్లు కొట్టాలె," అనేవాడు ఆమె భర్త విఠల్.

1999లో నేను సిడ్నీలో సాహిత్యం చదువుకుంటూ వాళ్లింట్లో వెనకవైపు గదిలో అద్దెకుండేదాన్ని. విఠలన్నది నిజామాబాద్ జిల్లా బోధన్. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములు రెండు వేలు రాగానే తికమకపడతాయని అప్పట్లో అందరికీ భయం. వాటిని సరిచేసే పని మీద వచ్చాడాయన. వాళ్ల కూతురు శ్రావ్య రెండో తరగతి. తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

మంగళక్క పుట్టింది మహారాష్ట్రలో, ధూళే దగ్గర ఒక పల్లెలో. సాత్పుడా కొండల కింద, తాపీ నది పారే ఆ సీమను ఖాందేశ్ అంటారు. వాళ్లు అహీర్లు. ఆవుల్ని మేపుకుంటూ ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చి అక్కడ నిలిచిపోయారని వాళ్ల పెద్దలు చెప్పేవారట. అక్కడి మాటకు అహిరాణి అని వాళ్ల పేరే వచ్చింది. ఇప్పుడు ఆ సీమలో అన్ని కులాలవాళ్లూ అదే మాట్లాడతారు.

జల్గావ్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆమె అన్నా విఠలన్నా ఒకే గదిలో ఉండేవారు. అలా కుదిరిన సంబంధం. బోధన్ వచ్చాక ఆమె తెలుగు నేర్చుకుంది. కోడలి నోట తనకు అర్థంకాని మాట వస్తే తన్నే తిడుతోందని అత్తగారికి అనుమానం. అందుకని ఆ ఇంట్లో అహిరాణి ఒక్క ముక్క వినపడలేదు. సిడ్నీకి వచ్చినా అదే అలవాటు మిగిలింది. తల్లి పోయి చాలా కాలమైంది. అన్న సూరత్‌లో స్థిరపడి, తన పిల్లలకోసం ఫోన్లో కూడా హిందీయే మాట్లాడేవాడు.

ఆ నవంబరులో విఠలన్న ఆఫీసువాళ్లు పార్కులో బార్బెక్యూ పెట్టుకుంటే నన్నూ తీసుకెళ్లారు. అక్కడ ధరంపాల్ అని హర్యానా అతను పరిచయమయ్యాడు. "మేమూ అహీర్లమే భాభీజీ. మా రేవాడీ చుట్టుపక్కల సీమనే అహీర్‌వాల్ అంటారు. కచ్‌లో కూడా ఉన్నారు మనవాళ్లు," అన్నాడు హిందీలో. మంగళక్క ముఖం వెలిగిపోయింది. చేతిలో ప్లేటు పక్కన పెట్టేసింది.

"మీ వైపు కూతుర్ని ఏమని పిలుస్తారు?" అని అడిగింది.

"ఛోరీ."

ఆమె ముఖం మెల్లగా మామూలైపోయింది. "మాది వేరే," అంది.

"మీరేమంటారక్కా?" అన్నాను నేను.

ఎండ యూకలిప్టస్ చెట్ల పైకొమ్మలకు పోయింది. ఆమె అటు చూసి, "పొద్దుగూకినంక చెప్పద్దు చెల్లె," అంది.

కారులో శ్రావ్య నిద్రపోయాక సంగతి చెప్పింది. వాళ్ల ఊళ్లో సందెవేళ ఏదో మన సొంతవాళ్ల గొంతుతో పిలుస్తుందట. దానికి రెండుసార్లే పిలిచే శక్తి ఉంటుంది. మూడోసారి పిలిస్తే మనిషే. అంతలోపు పలికితే దానితో వస్తానని మాట ఇచ్చినట్టే.

"ఇక్కడికీ వస్తుందా అక్కా?"

"బోధన్‌ల పది మంది లొల్లిల ఏం వినపడకపోయేది. ఈడ నిమ్మళం గదా, వినపడుతున్నది. వెనుక కంచె దిక్కుకెల్లి. మా అమ్మ గొంతే."

"ఈడ పిట్టలు మనుషుల లెక్కనే మాట్లాడుతయట. టీవీల చూపెట్టిన్రు," అన్నాడు విఠలన్న బండి నడుపుతూ.

"ఆ పిట్టకు మా భాష ఎవరు నేర్పిన్రు?"

ఆయన రేడియో పెట్టాడు.

క్రిస్మస్ అయ్యాక ఒక సాయంత్రం మేమిద్దరం వంటింట్లో ఉన్నాం. మంగళక్క గ్యాసు మంట మీద వంకాయ కాలుస్తోంది. నేను వెల్లుల్లి వలుస్తున్నాను. శ్రావ్య వెనక పెరట్లో, బట్టల తీగ కింద ఆడుకుంటోంది. బయట వెలుతురు ఇంకా పోలేదు గాని రంగు మారింది. కాకటూ చిలుకల అరుపులు అప్పుడే ఆగాయి.

"యెస్?" అంది శ్రావ్య బయట.

మంగళక్క చెయ్యి ఆగింది. మేము పిలవలేదు.

కొంచెంసేపటికి మళ్లీ, "యెస్," అంది. ఈసారి ప్రశ్న లేదు. ఒప్పుకున్నట్టు.

మంగళక్క పరుగెత్తింది. నేను వెళ్లేసరికి పిల్ల భుజాలు పట్టుకుని ఉంది. "ఎవరితోని మాట్లాడినవ్?"

"యూ కాల్డ్ మీ, అమ్మా."

"ఏమని పిలిచిన?"

శ్రావ్య కాస్త ఆలోచించి, విన్నదాన్ని అప్పజెప్పినట్టు, "ఆండేర్, ఆఠె యే," అంది.

మంగళక్క పిల్లను ఎత్తుకుని లోపలికి తెచ్చి తలుపు గడియ వేసింది. పొయ్యి మీద వంకాయ మాడి ఇల్లంతా పొగ. ఆండేర్ అంటే కూతురట. కూతురా, ఇటు రా. ఆ మాటలు పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల చెవిన పడలేదు.

"మరి తనేమీ మాటివ్వలేదు కదక్కా. ఇంగ్లీషులో పలికింది, అంతే," అన్నాను.

"మా అహిరాణిల యేస్ అంటే వస్తున్న అని," అంది మంగళక్క. "రెండుసార్లు అన్నది చెల్లె. రెండుసార్లు ఒప్పుకున్నది."

మర్నాడు సందెవేళ శ్రావ్య స్కూలు బూట్లు వేసుకుని వెనక తలుపు దగ్గర నిలబడింది. సెలవులప్పుడు బూట్లెందుకంటే, "ఐ సెడ్ యెస్," అంది మామూలుగా, ట్యూషన్‌కు వెళ్లాలన్నట్టు. ఆ మర్నాడూ అంతే. పగలంతా బాగానే ఆడుకునేది. వెలుతురు రంగు మారగానే లేస్ కట్టుకునేది. ఒకసారి గడియ తీసి కంచె దాకా వెళ్లిపోయింది. మంగళక్క వెనక్కి లాక్కొస్తే ఏడవలేదు, కంచె వైపు చూసి చెయ్యి ఊపింది.

విఠలన్న ఆ వారం ఇంటికి నిద్రపోవడానికే వచ్చేవాడు. "పిల్లలన్నంక ఆటలాడుతరు. ఈ ఒకటో తారీకు దాటనియ్యి, డాక్టర్‌కు చూపెడదాం," అన్నాడు.

"నీ కంప్యూటర్లు ఒకటో తారీకు దాక ఆగుతయ్. ఇది ఆగదు," అంది మంగళక్క.

తల్లి ఎందుకు పిలుస్తోందో తనకు తెలుసునని నాతో ఒక్కదానితోనే అంది. అక్షయ తృతీయను వాళ్ల వైపు అఖాజీ అంటారు. పెళ్లయిన కూతుళ్లు పుట్టింటికి వెళ్లి ఉయ్యాలలూగి పాటలు పాడుకునే పండుగ. మంగళక్క పెళ్లయ్యాక ఒక్క అఖాజీకీ వెళ్లలేదు. మొదట అత్తగారు పంపలేదు. తర్వాత పిల్ల పుట్టింది. తర్వాత తల్లే లేదు. "నేను పలకలే. పలికిన బిడ్డను తీస్కపోతున్నది," అంది.

ముప్పై ఒకటో తేదీన విఠలన్న ఆఫీసులోనే ఉండిపోయాడు. వీధిలో అందరూ బాణసంచా చూడడానికి హార్బర్‌కు వెళ్లారు. పొద్దు వాలుతుండగా మంగళక్క నాకు శ్రావ్య చెయ్యి వదలొద్దని చెప్పి, ఒక్కతే కంచె దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడి మాట్లాడింది. ఆ భాష నేను వినడం అదే మొదలు. ఏమందో తర్వాత చెప్పింది. పిల్లకు మన మాట రాదమ్మా. అది ఇక్కడి యెస్, మన యేస్ కాదు. దాన్ని పట్టుకోకు. పిలిచింది నన్ను కదా, నన్నే పిలువు.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాకేమీ వినపడలేదు. శ్రావ్య మాత్రం నా పక్కన నిలబడి చటుక్కున తల ఎత్తి కంచె వైపు చూసింది. కాసేపటికి మళ్లీ ఒకసారి చూసింది.

మంగళక్క మూడోదాని కోసం ఆగలేదు.

"మీ యేస్," అంది. అహిరాణిలో, నేనే వస్తున్నానని.

శ్రావ్య నా చెయ్యి విడిపించుకుంది. పిల్ల కిందనే కూర్చుని లేస్ విప్పుకుని, ఐస్‌క్రీమ్ ఉందా అని అడిగింది.

తెల్లవారి విఠలన్న ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. "ఏం కాలే. అంత మంచిగనే ఉన్నది," అన్నాడు.

మంగళక్క టీ చేతికిచ్చి, "వైశాఖంల నాకు టికెట్ తియ్యాలె," అంది.

"యాడికి?"

"మా ఊరికి."

"ఆడ ఎవరున్నరే?"

"పోవాలె," అంది.

ఇప్పుడు వాళ్లు సిడ్నీలోనే ఎడ్మండ్‌సన్ పార్కు అనే పేటలో ఉంటున్నారు. మంగళక్క ప్రతి ఏడాదీ అఖాజీకి సూరత్‌లో అన్న దగ్గర తాళంచెవి తీసుకుని ధూళే వైపు వెళ్లి, మూసి ఉన్న పుట్టింట్లో ఒక రాత్రి పడుకుని వస్తుంది. ఒంటరిగానే వెళుతుంది. శ్రావ్యకు పెళ్లయింది, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. బోధన్‌కు వెళ్లింది గాని, ఖాందేశ్‌లో మాత్రం మంగళక్క ఇంతవరకు అడుగు పెట్టనివ్వలేదు.