మా నాన్న వదిలిన మామిడిపండు

తనకి కోరికలు తక్కువని మా నాన్న నమ్మకం. "నాకేం కావాలండీ, రెండు పూటలా ఇంత ముద్ద, ఒంటిమీద ఇంత గుడ్డ" అని షాపుకొచ్చిన ప్రతి లారీ ఓనరుకీ చెప్పేవాడు. ఆ ముద్దలో నెయ్యి తగ్గితే కంచం గిరాటేస్తాడనీ, ఆ గుడ్డకి ఇస్త్రీ మడత నలిగితే ఇల్లు పీకి పందిరేస్తాడనీ వాళ్లకేం తెలుసు పాపం. టీ తాగి, "మహానుభావులండీ మీరు" అని వెళ్లిపోయేవాళ్లు.

నాన్నకి బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉండేది. డెబ్భైల్లో ఆటోనగర్ అంటే ఎటు చూసినా రేకుల షెడ్లు, గ్రీజు మరకలు, చెవులు చిల్లులు పడేలా సుత్తి దెబ్బలు. షాపున్న షెడ్డు అద్దెది. దాన్ని సొంతం చేసుకోవాలన్నది ఈ కోరికల్లేని మనిషి కోరిక. ఆయన వెళ్లి అడగడం, ఓనరు అమ్మనని చెప్పడం, ఆ కోపం ఇంటికి తెచ్చి మా మీద చూపించడం మామూలే. చివరికి ఎవరో చెవిలో వేశారు, కాశీ వెళ్లి ఇష్టమైనది వదిలేసి ఏది కోరుకుంటే అది జరుగుతుందని. అంతే, అప్పటిదాకా గుడి మెట్లెక్కని మనిషికి ఎక్కడలేని భక్తీ తన్నుకొచ్చింది.

మా అమ్మక్కూడా ఒక కోరిక ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం పనంతా అయ్యాక, గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని ఒక మామిడిపండు తీరిగ్గా తినడం. అమ్మ పుట్టిల్లు నూజివీడు పక్క పల్లె. వాళ్ల దొడ్లో చిన్నరసం చెట్టొకటి ఉండేది, అమ్మ పుట్టిన ఏడాది తాతయ్య నాటింది. ఏటా పళ్లు దిగగానే తాతయ్య గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లో బస్సెక్కి, హనుమాన్ జంక్షన్‌లో దిగి, ఇంకో బస్సెక్కి, గంపకి టిక్కెట్టేమిటని కండక్టరుతో పోట్లాడి, చెమటలు కక్కుతూ బెజవాడలో మా ఇంటికి చేరేవాడు. ఇంత అవస్థా పడి ఆయన కోరుకునేది ఇంకా చిన్నది. కూతురు ఆ పండు తింటుంటే ఎదురుగా కూర్చుని చూడాలి. "ఎలా ఉందమ్మా?" అని అడిగి, "బాగుంది నాన్నా" అనిపించుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలి.

కాశీ వెళ్లేటప్పటికి నాకు పన్నెండేళ్లు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. గంగ ఒడ్డున ఒక తెలుగు పురోహితుడు దొరికాడు.

"ఒక కాయా, ఒక పండూ వదలాలి బాబూ. ఇష్టమైనవి సుమండీ" అన్నాడాయన.

మా నాన్న పక్కా వ్యాపారస్తుడు. క్షణం కూడా ఆలోచించలేదు. "కాయ నాదండీ, పండు మా ఆవిడది" అన్నాడు.

"ఏ కాయ బాబూ?"

"కాకరకాయ."

నేను నాన్న మొహంలోకి చూశాను. నాకు బుద్ధి తెలిశాక ఆయన కాకరకాయ ముక్క నోట్లో పెట్టింది లేదు. ఇంట్లో అది వండిన రోజు వాసన తగిలితే చాలు, వీధి గుమ్మం నుంచే వెనక్కి తిరిగి హోటలుకి పోయేవాడు. అలాంటి మనిషి కళ్లు మూసుకుని, గొంతు బరువు చేసుకుని, ప్రాణంలో ప్రాణాన్ని వదులుతున్నట్టు చెప్పాడు.

"మరి పండేమిటి తల్లీ?" అని పురోహితుడు అమ్మ వైపు తిరిగాడు. అమ్మ నోరు తెరిచింది. ఏ రేగుపండో, పనసపండో చెప్పేదేమో. ఈలోగా నాన్నే అందుకున్నాడు.

"మామిడిపండండీ. ఆవిడకి ప్రాణం."

అన్నేళ్ల కాపురంలో అమ్మకి ఏ రంగు చీర ఇష్టమో, కాఫీలో పంచదార ఎంత వేసుకుంటుందో నాన్నకి తెలియదు. ఆయన గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క ఇష్టమే, అదీ గంగపాలు చెయ్యడానికి. అమ్మ ఏదో అనబోయింది గానీ పురోహితుడికి అవతల వేరే బేరాలున్నాయి. "అమ్మగారూ, నీళ్లు అయ్యగారే వదుల్తారు, మీరు ఆయన చెయ్యి ముట్టుకుంటే చాలు" అని తొందరపెట్టాడు. నాన్న దోసిట్లో నీళ్లు పట్టాడు. అమ్మ ఆయన మోచేతి మీద వేళ్లు ఆనించింది. ఆ నీళ్లతోపాటు కాకరకాయా, మామిడిపండూ, ఇకమీదట వచ్చే ఎండాకాలాలూ గంగలో కలిశాయి.

ఊరికొచ్చాక ఏమైందో తెలుసా? ఆ షెడ్డు ఓనరు అన్నదమ్ములు పంపకాలకి దిగారు. షెడ్డు అమ్మక తప్పలేదు. నాన్న కొనేశాడు. రేకుల తలుపుకి మావిడాకులు కట్టి, పసుపు పూసి, ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు, "చూశావా పండు మహిమ! ఇంక పొరపాటున కూడా నోట పెట్టకు. షెడ్డు పోతుంది." కాకరకాయ మహిమ అని మాత్రం అనలేదు. అంత నిజాయితీ ఉంది ఆయన దగ్గర.

ఆ ఎండాకాలం తాతయ్య గంపతో వచ్చే ముందు, నాన్న అమ్మని పక్కకి పిలిచి, "మావయ్యగారితో ఈ సంగతి అనకు, పెద్దాయన బాధపడతాడు" అన్నాడు. ఎంత జాలి గుండె! సంగతి తెలిస్తే గంప రావడం ఆగిపోతుందన్న బాధ ఎవరిదో నాకు తెలుసు. తాతయ్య గంప దించి, గడ్డి తీసి, అన్నిట్లోకీ మంచి పండు ఏరి అమ్మ చేతిలో పెట్టాడు. "పొయ్యి మీద పాలున్నాయి నాన్నా, లోపల తింటాను" అని అమ్మ వంటింట్లోకి వచ్చి, ఆ పండు బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. కాసేపాగి, తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ బయటికి వెళ్లింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా."

బియ్యం డబ్బాలో పండుని రాత్రికి నాన్నే తిన్నాడు. బాగుందనే అన్నాడు.

మామిడి విషయంలో మా ఇంట్లో నాన్నే జడ్జీ. ఆవకాయ తినొచ్చన్నాడు, అది కాయ కనక. మామిడితాండ్ర కూడదన్నాడు, అది పండు రసం కనక. మా పక్కింట్లో మిషను స్కూలు టీచరమ్మగారు ఉండేవారు. ఆవిడ ఒకరోజు తాండ్ర ముక్క తెచ్చి అమ్మకిస్తే, అమ్మ కాశీ సంగతంతా చెప్పి వద్దంది. ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు.

"మేమూ ఈస్టర్ ముందు నలభై రోజులు, శ్రమదినాల్లో, ఇష్టమైనవి మానేస్తాం వదినగారూ. నేను కాఫీ మానేస్తాను, తలనొప్పితో చస్తాను. కానీ ఈస్టర్ రోజు పొద్దున్నే మళ్లీ తాగుతాను కదండీ. మీవాళ్లకి ఈస్టర్ లాంటిది ఏదీ లేదా?"

అమ్మ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తాండ్ర ముక్క నాకు పెట్టేసింది. ఆ వయసులో నాకు నాన్న మీద ఎంత కసి ఉండేదంటే, ఆ షెడ్డు మీద పిడుగు పడాలని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. నా కోరిక ఏ దేవుడూ వినిపించుకోలేదు, నేనేమీ వదల్లేదు కదా మరి.

మరుసటి ఏడూ అదే గంప, అదే బియ్యం డబ్బా, అదే "బాగుంది నాన్నా".

ఆ పై ఏడు తాతయ్య గంప లేకుండా వచ్చాడు. చేతిలో చిన్న గోనెసంచి, అదీ సగమే. మొహం వాడిపోయి ఉంది. నాన్నా, నేనూ భోజనాల దగ్గరున్నాం. తాతయ్య నాన్న కంచం పక్కన ఒక పండు పెట్టి, గోడకి చేరబడి కూర్చున్నాడు.

"గాలివానకి చెట్టు పడిపోయిందమ్మా. కొమ్మలకున్నవి కోసి గడ్డిలో మగ్గేశాను. ఇవే ఆఖరివి" అని ఒక పండు అమ్మ చేతిలో పెట్టాడు. "ఈసారి లోపలికి పట్టుకుపోకు తల్లీ. నా ఎదురుగా కూర్చుని తిను."

అమ్మ పండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పటికే నాన్న తన పండు సగం చప్పరించాడు. రసం మణికట్టు దాకా కారుతోంది. అమ్మ మొహం చూసి ఆయనకి కంగారు పుట్టింది.

"అది కాదు మావయ్యగారూ, తను కాశీలో మామిడిపండు వదిలేసిందండీ."

"ఎందుకొదిలావమ్మా?" అన్నాడు తాతయ్య, తప్పు తనదే అయినట్టు.

"నేను వదల్లేదు నాన్నా" అంది అమ్మ. నాన్న వైపు తిరిగింది. "ఏవండీ, ఆ రోజు గంగలో నీళ్లు వదిలింది ఎవరి చెయ్యి?"

"నాదే. నువ్వు ముట్టుకున్నావుగా?"

"ముట్టుకున్నాను. దానికేమన్నా పుణ్యం వస్తే అదీ మీరే ఉంచుకోండి. చెప్పిన నోరు మీది, వదిలిన చెయ్యి మీది, వచ్చిన షెడ్డు మీది. మానెయ్యడం ఒక్కటీ నా వంతెలా అయిందండీ?"

"మరి నేను తింటూనే ఉన్నాగా, షెడ్డుకేం కాలేదుగా" అని నాన్న అనబోయాడని నా అనుమానం. కానీ ఆ మాట అంటే ఎవరు తిన్నా షెడ్డుకేం కాదని ఒప్పుకున్నట్టే. అనకపోతే వదిలింది తనేనని ఒప్పుకున్నట్టు. జీవితమంతా బేరాలాడిన మనిషికి ఆ రోజు బేరం ఎటూ కుదరలేదు. సగం తిన్న పండు కంచంలో పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాడు. ఆ తరవాత ఆయన మామిడిపండు ముట్టగా నేను చూడలేదు. భక్తి అనుకునేరు, షెడ్డు భయం.

అమ్మ తాతయ్య ఎదురుగా నేల మీద చతికిలబడింది. పండు నలిపి, ముచ్చిక కొరికి పక్కన పెట్టి, రెండు చేతులతో పట్టుకుని పీల్చింది. రసం మోచేతుల మీదుగా చీర మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు తాతయ్య.

ఆ జవాబు అమ్మ నోటికి కొత్తేమీ కాదు. తినని రోజుల్లో ఎంత తేలిగ్గా చెప్పేదో నేను విన్నాను. ఈసారి ఎంత ప్రయత్నించినా ఆ రెండు ముక్కలూ రాలేదు. టెంక తెల్లబడేదాకా చీకి, పక్కన పెట్టి, రసం కారుతున్న చెయ్యి చాపింది.

"ఇంకోటి ఇవ్వు నాన్నా."