ఏడో అంగుళం

ఆ రోజుల్లో నాకు మనుషుల కంటే అంకెల మీద నమ్మకం ఎక్కువ. మనుషులు పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి చెబుతారు. ఏడెనిమిదులు మాత్రం ఎప్పుడడిగినా యాభై ఆరే అంటాయి. ఎవరూ నేర్పకుండానే మెట్లు, కిటికీ చువ్వలు, మా నాన్నగారి తుమ్ములు (మేముండే గల్ఫు ఊరు సోహార్ దుమ్ముకి రోజుకి సగటున పద్నాలుగు) లెక్కపెట్టుకుంటూ పెరిగాను. స్కూల్లో అందరూ నన్ను ‘స్కేలు’ అనేవారు. పన్నెండో తరగతి వీడ్కోలు పార్టీలో మొదటిసారి డ్యాన్సుకి అనుమతి వచ్చినప్పుడు, దాని వెనకాలే సర్క్యులరూ వచ్చింది: ఆడపిల్లల గౌను అంచు నేలకి ఆరంగుళాల కంటే ఎత్తులో ఉండకూడదు. మేం కత్తెర మేడమ్ అని పిలుచుకునే వైస్ ప్రిన్సిపాల్, క్రాఫ్టు గదిలోని గుడ్డ టేపు నా మెడలో వేసి, “మొహం చూడకు, నంబరు చూడు” అన్నారు. నా నెత్తిన కిరీటం పెట్టినట్టయింది.

బుధవారం సాయంత్రం హాలు గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నలభై గౌన్లు కొలిచాను. సర్క్యులరుకి భయపడి అందరూ ఎంత పొడుగ్గా కుట్టించుకున్నారంటే, హాలు ఊడ్చే పని తప్పింది. మిగిలింది ఒక్క కడప పిల్ల. వాళ్ల నాన్న స్టీలు ప్లాంటులో కంపెనీ వ్యాను డ్రైవరు. కాంట్రాక్టు అయిపోయి శుక్రవారం ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్లిపోతున్నారు. మా అందరికీ స్టెప్పులు నేర్పింది తనే. ముందు వరస మధ్యలో తనే నిలబడాలి. బురైమి బజారులో చవగ్గా దొరికిన ఊదారంగు ముక్కతో వాళ్లమ్మ గౌను కుట్టింది.

“ఏడు,” అన్నాను.

“ఏడేంది మే? మాయమ్మ సర్క్యులరు ముందర పెట్టుకోని ఆరుకి కుట్టింది. గుడ్డ అంతే ఉన్నింది.”

“టేపు అబద్ధం చెప్పదే.”

“ఇంగోసారి కొలువు మే, నీకు దండం పెడతా.”

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఏడే. (ఒకే తప్పును మూడుసార్లు చేస్తే అది రుజువైపోతుందని అప్పటికి నాకు తెలియదు.) నంబరు చూడమన్నారు కనుక మొహం చూడలేదు. కొలతల పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ఏడు వేసి, కింద గీత కూడా గీసి, తనని బయటే ఆపేశాను.

లోపల డ్యాన్సు మొదలైంది. నడిపించే మనిషి లేక నేను ఎడమకి, నా పక్కపిల్ల కుడికి తిరిగి నుదుళ్లు ఢీకొన్నాం. నెత్తి రుద్దుకుంటూ బయటికి వస్తే, కడప పిల్ల గేటు పక్క బెంచీ మీద కూర్చుని పాటకి కాలితో తాళం వేస్తోంది. ఇంతలో కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. “హోగయా బేటా డ్యాన్స్?” అని అడిగాడు వాళ్ల నాన్న. “హోగయా అబ్బా. భోత్ అచ్ఛా హుఆ,” అంది. అయిపోయిందట, చాలా బాగా జరిగిందట. నా వైపు తిరిగి చూడలేదు.

శనివారం టేపు తిరిగి ఇచ్చేముందు, అలవాటు కొద్దీ మా ఇంట్లో తలుపుకి ఆనుకుని నా ఎత్తు కొలుచుకున్నాను. యాభై ఎనిమిది కాస్తా యాభై తొమ్మిది! వంటింట్లోకి పరిగెత్తి, “అమ్మా, నెలలో అంగుళం పెరిగానే!” అని గంతులేశాను.

“పదిహేడేళ్లొచ్చాక పెరగడమేంటే? ఏదీ, ఆ టేపిలా తే.” అమ్మ దాని కొస పట్టుకుని చూసింది. “ఇదేంటే, ఒకటి దగ్గర మొదలవుతోందీ?”

కొసనున్న రేకు ఊడి, పీచులు లేచిన మొదటి అంగుళాన్ని ఎవరో నీటుగా కత్తిరించేశారు. నేల ఊడ్చే నలభై గౌన్లకి ఆ అంగుళంతో పనే లేదు. నిబంధనని అక్షరాలా పాటించి కుట్టిన ఒకే ఒక్క గౌనుని నేను బయట కూర్చోబెట్టాను. అప్పటికి వాళ్లు వెళ్లి ఒక రోజు. మేడమ్‌కి చెబితే, “పార్టీ అయిపోయింది కదా, ఇంకెందుకు?” అని టేపు సొరుగులో పడేసి, పుస్తకం మూసేశారు. ఆ పుస్తకంలో అది ఇప్పటికీ ఏడే.

ఇప్పుడు అదే దేశంలో బౌషర్ అనే చోట ఒక కర్టెన్ల దుకాణంలో కొలతలు నా పనే. డిగ్రీ లేదు, లెక్క తప్పుతుందన్న పేరూ లేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు టేపు మొదలు వేలితో తడుముతాను. అరవై అంగుళాలు సరిపోయే కర్టెనుకి అరవై ఒకటి రాస్తాను. “మేడమ్, మళ్లీ అంగుళం ఎక్కువ రాశారు!” అని మా టైలరు గొణుగుతాడు. “పొడుగుంటే మడుచుకోవచ్చు భయ్యా,” అంటాను. మోకాళ్ల మీద కూర్చుని అంచు చూస్తున్నప్పుడు, మెడలో టేపుతో రాణిలా వెలిగిపోయిన ఆ స్కేలు గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది. తర్వాత ఒక్కసారి తలెత్తి, ఇంటావిడ మొహం కూడా చూస్తాను.