నూటికి రెండు కిలోమీటర్లు

మా గుంపులో దారి చీటీ ఆరేళ్ళు నేనే రాశాను. ఏడాదికి రెండు ప్రయాణాల లెక్కన పన్నెండు ప్రయాణాలు, పన్నెండు చీటీలు. పదమూడోది వేరే చేతికి పోయింది. ఇది ఆ పదమూడో చీటీ సంగతి. ఇందులో నేను చేసిన పనిని దాచడానికి చోటున్నా దాచడం లేదు.

రోడ్లంటే పిచ్చి ఉన్నవాళ్ళం ముప్పై నలుగురం. తిరుపతిలో టైర్ల షాపు నడిపే ఆయన ఈ గుంపు పెట్టాడు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు లెక్చరర్లు, చిత్తూరు నుంచి ఎనిమిది మంది. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటాం. పూతలపట్టు దగ్గర సర్వీసు రోడ్డు ఎక్కడ విరిగింది, గూడూరు వైపు పోయే లారీలు ఏ వేళకు ఎక్కువ, ఘాట్ రోడ్డు బస్సులు దిగే సమయానికి అలిపిరి దగ్గర ఎంతసేపు నిలబడాలి, ఇవే మాటలు. తిరుపతిలో ఫ్లైఓవరు వచ్చాక దాని కింద రద్దీ తగ్గిందా పెరిగిందా అని మూడు వారాలు వాదించుకున్నారు. చివరికి నేను బస్టాండు నుంచి అలిపిరికి ఆటోలో పద్నాలుగు సార్లు పోయి, నిమిషాలు రాసి పెట్టాను. ఉదయం నాలుగు నిమిషాలు తగ్గింది, శనివారం సాయంత్రం రెండు నిమిషాలు పెరిగింది. వాదన ఆగిపోయింది. ఆ తృప్తి నాకు నెల రోజులు మిగిలింది.

నాకు ఈ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది. బస్సు డిపోలో చార్టు సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పని చేశాను. ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు పోవాలి, ఏ ఊళ్ళో ఎన్ని నిమిషాలు ఆగాలి, అన్నీ రాసేదాన్ని. రాసిన దారుల్లో ముప్పావు వంతు నేను చూడనే లేదు. సత్యవేడు దాకా పోయే దారిలో ప్రతి మలుపూ నాకు అంకెల్లో తెలుసు, కంటితో తెలియదు. గుంపులో చేరాకే ఆ ఊళ్ళకు పోయాను.

మా ప్రయాణాలకు ఒక కట్టుబాటు ఉంది. ఆ రోజు ఫోన్లో మ్యాపు చూడకూడదు. ఫోన్లన్నీ డాష్‌బోర్డు అరలో పెట్టాలి. చంద్రగిరి రోడ్డులో ఒక పెట్రోలు బంకు ముందు అన్ని బండ్లూ మీటరు సున్నా చేసుకుంటాయి. అక్కడి నుంచి దారి చీటీయే దిక్కు. ఇన్ని కిలోమీటర్లకు ఎడమ, ఇన్నింటికి కుడి, మూలన ఏముందో ఒక గుర్తు. ముందు బండిలో డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి చదువుతూ పోవాలి. చీటీ రాసినవాళ్ళదే ఆ సీటు. పన్నెండు సార్లు అది నా సీటు.

చూసేవాళ్ళకు ఇది తేలిక పని. కాదు. ఏ రెండు బండ్ల మీటర్లూ ఒకలాగ చెప్పవు. టైరు అరిగితే ఒకలాగ, గాలి తగ్గితే ఒకలాగ. పనపాకం దాటాక ఉన్న కిలోమీటరు రాళ్ళ వెంట పది కిలోమీటర్లు నడిపించి, ఏ బండి నూటికి ఎంత ఎక్కువ చూపిస్తుందో కనిపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. నా చీటీలో ఒక్కో బండికి ఒక్కో నిలువు వరుస ఉండేది.

"అక్కా, ఇన్ని అంకెలు యాడ సూసేది? బస్సు టైం టేబులు మాదిరి ఉండాది" అని టైర్లాయన ప్రతిసారీ నవ్వేవాడు. నవ్వినా ఆ చీటీతోనే పోయేవాడు.

పోయిన జనవరిలో ఒకామె కొత్తగా చేరింది. చిత్తూరు దగ్గర పశువుల డాక్టరు. నలభై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయి. తన ఎర్ర కారు తనే నడుపుకుంటూ వచ్చింది. నాకు నడపడం రాదు. నేర్చుకోవాలనుకున్న వయసులో నేర్పేవాళ్ళు లేరు, నేర్పేవాళ్ళు దొరికిన వయసులో మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇంకో చేత్తో జడ ముందుకు వేసుకోవడం చూశాను. నా ఈర్ష్య అక్కడ మొదలైంది. ఆ ప్రయాణంలోనే ఆమె బండినీ కొలిచాను. నూటికి రెండు ఎక్కువ. పుస్తకంలో రాసుకున్నాను, ఆమెకు చెప్పలేదు.

తర్వాత గుంపులో ఎవరు ఏమడిగినా ఆమే జవాబు. "కార్వేటినగరం దారి ఎట్లుండాది?" అని ఎవరో అడుగుతారు. నేను కళ్ళజోడు తెచ్చుకుని, పుస్తకం తీసి, పేజీ వెతికేలోపల ఆమె ఆ రోడ్డు మీద నిలబడి తీసిన ఫోటో వచ్చేస్తుంది. గుంటలో నీళ్ళు, పక్కన ఒక బర్రె. కింద నలుగురైదుగురు చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. నేను కూడా పెట్టేదాన్ని. పెట్టకపోతే తెలిసిపోతుంది కదా.

మే నెలలో తిరుపతిలో ఒక హోటలు మేడ మీద కలిశాం. తర్వాతి ప్రయాణం ఎక్కడికో తేల్చడానికి. చిత్తూరు దాటి, కొత్తగా వేస్తున్న పెద్ద రోడ్డుకు ఒక వంతెన కడుతున్నారు. రైల్వే గార్డు గారి మేనల్లుడు అక్కడ ఇంజనీరు. ఆదివారం పదిన్నరలోపల వస్తే వంతెన మీద నడవనిస్తానని, ఆ తర్వాత కాంక్రీటు లారీలు వస్తాయని చెప్పాడట.

ఆ వంతెన ఏ వాగు మీదో విన్నప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసు టేబులు మీద పెట్టేశాను. డిపోలో ఆ దారి చార్టు కింద ప్రతి ఏడూ ఒకే వాక్యం రాసేదాన్ని: వాగు వచ్చిన రోజున సర్వీసు రద్దు. ముప్పై ఒక్క సార్లు రాసిన వాగును ఒక్కసారీ చూడలేదు. దాన్ని పైనుంచి నడిచి దాటాలి. అంతకన్నా ఏమీ అక్కరలేదనిపించింది.

అప్పుడు టైర్లాయన అన్నాడు, "ఈ తూరి చీటీ డాక్టరమ్మ రాస్తాది. అక్కకు రెస్టు ఇస్తాం. ఏమక్కా?"

"మంచిదేలే నాయనా" అన్నాను.

రెస్టు నేను అడగలేదు. అక్కడున్న పంతొమ్మిది మందిలో ఒక్కరైనా "అక్క ఉండగా ఎందుకు" అంటారేమోనని చూశాను. పకోడీ ప్లేటు వచ్చింది, అందరూ అటు తిరిగారు.

జూన్ రెండో ఆదివారం, ఉదయం ఆరూ పదికి బంకు దగ్గర ఏడు బండ్లు చేరాయి. ఆమె చీటీలు పంచింది. కంప్యూటరులో కొట్టించి, రంగు గీతలు పెట్టి, ఒకే పేజీ. ఒకే వరుస.

"ఇది గదా చీటీ అంటే" అన్నాడు టైర్లాయన. "చంటి పిల్లోడికి ఇచ్చినా సదువుతాడు."

నేను కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూశాను. ఒక నిమిషం చాలు. ఆ అంకెలు ఏ బండి మీటరువీ కావు.

"ఈ దూరాలు ఎట్ల కొలిచినావమ్మా?" అని అడిగాను.

"ఫోన్లో కొలిచినానమ్మా. మీటరు కంటే అదే కరెక్టు గదా" అంది.

ఫోను కరెక్టే. కానీ ఫోనును అరలో పెట్టి మీటరు చూస్తూ పోతాం. ఆమె మీటరు నూటికి రెండు ఎక్కువ చూపిస్తుంది. వంతెన వైపు తిరిగే అసలు మలుపు డెబ్బై ఎనిమిది పాయింట్ ఆరు దగ్గర. ఆమె మీటరు ఆ అంకె చూపేసరికి బండి నిజంగా డెబ్బై ఏడే నడిచి ఉంటుంది. మలుపుకు ఇంకా కిలోమీటరున్నర మిగిలి ఉంటుంది. గుర్తుగా వాటర్ ట్యాంకు అని రాసింది. వాటర్ ట్యాంకు లేని ఊరు ఆ దారిలో ఉందా? నేనైతే ఎప్పుడూ అలాంటి గుర్తు రాయలేదు.

ఇదంతా నా మనసులో అరనిమిషంలో తేలిపోయింది. పుస్తకం నా సంచిలోనే ఉంది. ఆమె నా ముఖం వంకే చూస్తోంది, ఇంకేమైనా అంటానేమోనని.

"ఊఁ" అన్నాను.

ఆమె ముందు బండిలో పోయింది. పక్క సీట్లో లెక్చరరు ఒకాయన చీటీ పట్టుకుని కూర్చున్నాడు. నేను రెండో బండిలో, టైర్లాయన వెనక. ముందు సీటు రైల్వే గార్డు గారిది. ఆయన మోకాలికి ఆపరేషను అయింది, కాలు చాపుకోవాలి. నా సంచీ ఒళ్ళో పెట్టుకుని దారంతా ముందు బండి వెనక అద్దం చూస్తూ కూర్చున్నాను. తప్పు జరగాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. ఆ తప్పు నన్ను కూడా మోసుకుపోతుందని మాత్రం లెక్కలో వేయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు వేసిన మనిషిని.

చిత్తూరు దాటాక ఎనిమిదీ నలభైకి ముందు బండి ఎడమ లైటు వేసింది. మూలన వాటర్ ట్యాంకు. తారు రోడ్డు. ఏడు బండ్లూ తిరిగాయి. రెండు వందల గజాలు పోయేసరికి ముందర మామిడి ట్రాక్టర్లు. అది గుజ్జు ఫ్యాక్టరీ దారి. తోతాపురి కాయలు తెగే రోజులు అవి. రైతులు రాత్రి నుంచి వరుసలో నిలబడి ఉన్నారు. వెనక్కి తిప్పుదామని అనుకునేలోపల మా ఏడో బండి వెనక ఇంకో ఆరు ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. ఒక పక్క కాలువ, ఒక పక్క ముళ్ళకంచె.

టైర్లాయన దిగి ముందుకు పోయి వచ్చాడు. "అయిపాయ. పదకొండు దాకా కదిలేది ల్యా" అన్నాడు. "యాడ తప్పినామబ్బా?"

రైల్వే గార్డు గారు మేనల్లుడికి ఫోను చేశారు. అవతలి మాట మాకు వినపడలేదు. "సరేలేప్పా, నువ్వేం చేస్తావు" అని పెట్టేశారు.

పదిన్నర అక్కడే అయింది. నా గడియారంలో ముల్లు ఆ చోటు దాటడం చూశాను.

ఆమె అవమానంతో కారులోనే కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. మూడో ట్రాక్టరు మీద నుంచి ఒక ముసలి రైతు తలగుడ్డ తీసి పిలిచాడు.

"ఏం మేడమ్, ఈ తూరి ఆవుల్ని ఇడిసిపెట్టి మామిడికాయలకు సూది ఏస్తాండావా?"

"నీ కాయలు సూస్తే జరం వచ్చినట్టే ఉండాయి పెద్దాయనా. సూది ఏయాల్సిందే."

చుట్టుపక్కల ట్రాక్టర్ల వాళ్ళంతా నవ్వారు. నలుగురు దిగివచ్చారు. ఒకాయన తన పెయ్య తొలిసారి ఎలా ఈనిందో చెప్పాడు. ఇంకొకాయన కొడవలితో కాయలు కోశాడు. ఎక్కడి నుంచో ఉప్పూకారం వచ్చింది. మా వాళ్ళంతా ఆమె చుట్టూ నిలబడి తింటున్నారు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఇంతవరకు జరిగిన ప్రయాణాల్లో ఇదే బాగుందన్నాడు. నేను పన్నెండు ప్రయాణాల్లో ఒక్క నిమిషం ఆలస్యం కానీయలేదు. ఎవరూ ఆ మాట అనలేదు నాకు.

ఆమె ఆకులో ముక్కలు పెట్టుకుని నా కిటికీ దగ్గరకు వచ్చింది. రెండో చేతిలో చీటీ.

"అమ్మా, తప్పు యాడ జరిగిందో నాకు తెలస్తా లేదు. మీరు సూసి చెప్పల్ల."

ఇక దాచడం నా వల్ల కాలేదు. మంచితనంతో కాదు. లెక్క తప్పును తప్పుగా వదిలేయడం నాకు చేతకాదు.

"నీ మీటరు నూటికి రెండు ఎక్కువ చూపిస్తాది. కిలోమీటరున్నర ముందే తిరిగినాం."

"ఇప్పుడు కనిపెట్టినారా?"

"జనవరిలోనే తెలుసు. పొద్దున చీటీ చూసినప్పుడే తెలుసు."

ఆమె ముక్కల మీద ఈగ వాలితే తోలింది.

"ఆవు సూలు నిలవలేదని తెలిసీ నేను చెప్పకుంటే రైతు నన్ను ఊర్లోకి రానీడమ్మా" అంది. కోపంగా అనలేదు. తర్వాత చీటీ వెనక్కి తిప్పి కారు మీద పెట్టి, "నూటికి రెండా? మిగతా బండ్లవి చెప్పండి" అంది.

చెప్పాను. ఏడు బండ్లు, ఏడు అంకెలు. ఆరేళ్ళు రాళ్ళ వెంట తిరిగి సంపాదించినది అరనిమిషంలో ఆమె కాగితం మీదికి ఎక్కింది. ఆమె అందరి దగ్గరకు పోయి, "నేనే తప్పు కొలిచినాను, తిట్టుకోవద్దండి" అంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. టైర్లాయన మాత్రం బండెక్కుతూ, "అక్కా, నీ దగ్గిర పుస్తకం ఉండాది గదా" అన్నాడు. "ఉండాది" అన్నాను. ఆయన బండి స్టార్టు చేశాడు.

వంతెన చేరేసరికి పదకొండూ నలభై. దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పైన లారీలు. కిందనుంచి చూసి వెనక్కి తిరిగాం. వాగులో నీళ్ళు లేవు, ఇసుక, తుమ్మచెట్లు. ఇంత చిన్నదా అనుకున్నాను. వెడల్పు అడుగుల్లో కొలవాలనిపించింది, కొలవలేదు.

ఇంటికి వచ్చి పుస్తకంలో రాశాను. చేరవలసిన వేళ తొమ్మిదిన్నర, చేరిన వేళ పదకొండూ నలభై, ఆలస్యం రెండు గంటల పది నిమిషాలు. డిపోలో లాగే నా పుస్తకంలోనూ చివర కారణం గడి ఉంటుంది. మొదట మామిడి ట్రాక్టర్లు అని రాశాను. కొట్టేసి, చీటీలో దూరం తేడా, తెలిసీ చెప్పలేదు అని రాశాను. గడి చాలక పక్క గడిలోకి పోయింది.

ఆ వంతెన మీద ఇప్పుడు వాహనాలు పోతున్నాయి. ఇక దాని మీద నడవడానికి ఎవరూ ఒప్పుకోరు.

డిసెంబరు ప్రయాణానికి పదిరోజుల ముందు ఆమె నుంచి నా ఫోనుకు చీటీ వచ్చింది. ఒక్కో బండికి ఒక్కో వరుస, నా పద్ధతిలోనే. గుర్తుల్లో వాటర్ ట్యాంకు ఒక్కటీ లేదు. "అమ్మా, మీరు సూసినాకనే అందరికీ పంపిస్తా" అని కింద రాసింది. ఎనిమిది బండ్లు, ఇరవై రెండు మలుపులు, నూట డెబ్బై ఆరు అంకెలు. ఉదయం ఏడింటికి కూర్చుని మూడు సార్లు సరిచూశాను. ఒక్క తప్పు దొరకలేదు. నాలుగోసారి కూడా చూశాను.

"సరిగ్గా ఉంది" అని పంపేసరికి సాయంత్రం ఐదున్నర అయింది.