ఒకే కొలతకు మూడు జతలు

స్టూడియోలో అందరూ ఆమెను పిన్ని అంటారు. అసలు పేరు ఎపిసోడ్ చివర తెర మీద పడుతుంది గానీ, రెండక్షరాలు చదివేలోపే సబ్బు ప్రకటన వచ్చి మింగేస్తుంది. పదిహేనేళ్లుగా ఇదే తంతు. ఆ ప్రకటనను ఒక్క క్షణం ఆలస్యంగా వేయాలని ఇంతవరకూ ఏ పెద్దమనిషికీ తోచలేదు.

సీరియల్ కథ మూడు వందల ఏళ్ల తర్వాత ఎక్కడో ఒక గ్రహం మీద జరుగుతుంది. అక్కడ నీళ్లన్నీ తొమ్మిదిమంది సభ్యుల మండలి చేతిలో ఉంటాయి. ఆ తొమ్మిదిమందిలో శత్రువు పంపిన గూఢచారి ఒకడుంటాడు. ఎవడన్నది ఎవరికీ తెలియదు. వారానికో కుట్ర, నెలకో హత్య. ఆ మండలి వేసుకునే బూడిదరంగు దుస్తులన్నీ పిన్ని చేతి మీదుగా పోవలసిందే. మేడమెట్ల కింది గదిలో రెండు కుట్టుమిషన్లు, పొడవాటి కత్తిరింపు బల్ల, బుస్సుమనే ఇస్త్రీపెట్టె, గోడ పొడుగునా కొక్కేలు. ఇదే ఆమె రాజ్యం.

చిక్కల్లా ఒక లెక్క దగ్గర వస్తుంది. బతికి ఉండే పాత్రకు ఒక జత చాలు. చచ్చిపోయే పాత్రకు మూడు కావాలి: చావుకు ముందు వేసుకోవడానికి ఒకటి, కిరణాల తుపాకీ తగిలి కాలిన రంధ్రంతో ఒకటి, షాట్ సరిగ్గా రాకపోతే మళ్లీ తీయడానికి ఒకటి. అంచేత ఎవరి ప్రాణం పోతుందో నటుల కంటే మూడు వారాల ముందే పిన్నికి తెలుస్తుంది. నటులకు స్క్రిప్టు షూటింగ్ రోజు పొద్దున్న గానీ ఇవ్వరు.

ఇంకేముంది, గ్రహం మీద జరిగే గూఢచర్యం ఈ గదిలో జరిగేదాని ముందు దిగదుడుపు. నటుల్లో ఒకరు ఊడని గుండీ కుట్టమని వస్తారు. ఒకరు సూది అడగడానికొచ్చి బల్ల కింద వెతుకుతారు. పిన్ని కత్తిరించిన ముక్కల మీద పాత దుప్పటి కప్పేసి, "నాయనా, ముక్కు అంత దూరం చాచకు, కత్తెరలో పడుతుంది" అంటుంది. ఇంట్లోనూ సుఖం లేదు. అత్తగారు ఆ సీరియల్ అంటే చెవి కోసుకుంటుంది.

"ఆ గూఢచారి ఎవరే? మీ ఆయన మీద ఒట్టు, నాలుక కదిలిస్తే అడుగు."

"మీ అబ్బాయి చల్లగా ఉండాలత్తయ్యా. అందుకే చెప్పను."

అలాంటి పిన్ని ఒకసారి దొరికిపోయింది.

ఒక సోమవారం వచ్చిన కాగితం మీద పెద్దాయన కొలతలున్నాయి. మూడు జతలు. పెద్దాయన అంటే మండలి అధ్యక్షుడి వేషం వేసే ముసలి నటుడు. కింద డైరెక్టర్ రాసిన నాలుగు ముక్కలు చదివాక గానీ ఆమె గుండె కుదుటపడలేదు. చచ్చేది అధ్యక్షుడు కాదు. అతని ముఖాన్ని యంత్రంతో అతికించుకుని వచ్చిన గూఢచారి. అసలు అధ్యక్షుడు చెరలో ఉన్నాడు, ఆ తర్వాతి వారం బయటికొస్తాడు. రెండు వేషాలూ పెద్దాయనవే. ఈ సంగతి డైరెక్టర్‌కీ, రచయితకీ, పిన్నికీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. పెద్దాయనకు కూడా.

దుప్పటి ఆ రోజు ఉతకడానికి వెళ్లింది. పిన్ని ముక్కల్ని గోడవైపు తిప్పి తగిలించి, ఎవరి పేరూ కనబడకుండా సుద్ద గుర్తులు చెరిపేసింది. కానీ పెద్దాయన ఎడమ భుజం కుడి భుజం కన్నా బొటనవేలి మందం కిందికి ఉంటుంది. కొక్కేనికి వేలాడుతున్న మూడు ముక్కలూ అదే వైపు వాలి ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన తన భుజాన్ని తాను గుర్తుపట్టాడు.

"మూడా పిన్నీ?" అన్నాడు. ఆమె కన్నా పన్నెండేళ్లు పెద్దవాడు, అయినా అందరితో పాటు పిన్ని అనే అంటాడు.

పిన్ని ఇస్త్రీపెట్టె అందుకుంది.

"సర్లే, నిన్ను ఇబ్బంది పెట్టను. వేరే సీరియల్ వాళ్లు తిరుగుతున్నారు. తాత వేషం. కుర్చీలో కూచుని దగ్గాలట. రెండేళ్ల దగ్గు. రేపు సాయంత్రం సంతకం పెట్టేస్తాను. ఈ వయసులో ఖాళీగా కూచుంటే మళ్లీ ఎవడు పిలుస్తాడు?"

సంతకం పెడితే రెండేళ్లు ఇటు తిరిగి చూడలేడు. చెరలోంచి బయటికి రావలసిన అధ్యక్షుడు అక్కడే ఉండిపోతాడు. పిన్ని కత్తెర బల్ల మీద పడేసి నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది.

"ఆయనకు చెప్పేయండి సార్. వెళ్లిపోతున్నారు."

"చెబితే నటన పోతుంది. చచ్చిపోతున్నానన్న బాధ ముఖంలో నిజంగా ఉండాలి. ఆయన ఎక్కడికీ వెళ్లడు, ముసలాళ్లు అలాగే బెదిరిస్తారు. నువ్వు చెప్పావంటే మాత్రం ఆ గది తాళం ఇచ్చేసి పోవాలి."

పక్కనే కూచున్న రచయిత కాఫీలో ఏదో వెతుక్కున్నాడు. కలం పట్టుకుని గ్రహాల్ని పేల్చేసే మనిషి ఆ గదిలో చెంచా మాత్రం తిప్పాడు.

మర్నాడు పొద్దున్నే పిన్ని పెద్దాయనకు కబురు పెట్టింది. గదిలోకి రాగానే టేపు తీసి, "కొంచెం నిటారుగా నిలబడండి. కోటుకు కొలతలు తీసుకోవాలి" అంది.

"కోటా? కాల్చేసే ముందు వెచ్చగా ఉండాలనా?"

"చేతులు చాచండి. మంచు ప్రదేశంలో వేసుకునే కోటు. లోపల దళసరి అస్తరు వేస్తున్నా. కుట్టేసరికి రెండు నెలలు పడుతుంది."

మండలి మంచు కనుమల్లోకి పారిపోయేది వచ్చే సీజన్‌లోనని స్టూడియోలో కాపలావాడికి కూడా తెలుసు. పెద్దాయన ఆమె వంక చూశాడు. ఆమె నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఇక మాట్లాడే వీలు లేదన్నట్టు నడుం కొలత రాసుకుంది. ఆ కోటు కుట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ నిజంగానే కుడుతుంది. అబద్ధపు కొలత తీసుకోవడం ఆమె వల్ల కాదు.

"చంకల దగ్గర కాస్త వదులు పెట్టు," అన్నాడాయన, చేతులు ఇంకాస్త చాచి. ఆ సాయంత్రం సంతకం పెట్టడానికి వెళ్లలేదు.

షూటింగ్ రోజు ఎంత బాగా చచ్చిపోయాడంటే, కెమెరా పట్టుకున్నవాడు కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక చొక్కా భుజానికి రాసుకున్నాడు. మూడో జత అవసరమే రాలేదు. "చూశావా, తెలియకపోబట్టే ఆ బాధ" అని డైరెక్టర్ పొంగిపోయాడు. ఆ పొంగు పిన్ని గదికొచ్చి సగం కుట్టిన కోటు చూసేదాకా ఉంది.

"ఇదెవరికి? ఎవరు కుట్టమన్నారు?"

"పెద్దాయనకి సార్. ఎవరూ అనలేదు."

"అంటే చెప్పేశావన్నమాట!"

"ఒక్క ముక్క చెప్పలేదు. కొలతలు తీసుకున్నాను."

"తెలివి నా దగ్గర చూపించకు!"

"తెలివి కాదు సార్. ఆయన వెళ్లిపోయుంటే వచ్చే వారం చెరలోంచి ఎవర్ని తెచ్చేవారు? నన్ను పంపించేయాలంటే పంపించేయండి. ఆయన మాత్రం ఉన్నారు కదా." తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

డైరెక్టర్ తాళంచెవి వైపూ కోటు వైపూ చూశాడు. తప్పు తనదని ఒప్పుకునే జాతి కాదది. తాళంచెవి ముట్టుకోకుండా శిక్ష మాత్రం వేసి పోయాడు: ఇకనుంచి ఆమెకు కాగితాలు మూడు వారాల ముందు కాదు, మూడు రోజుల ముందే వస్తాయి.

మూడు వారాల పని మూడు రోజుల్లో. ఇంకొకరైతే గగ్గోలు పెట్టేవారు. పిన్ని రెండో మిషన్‌ను కిటికీ పక్కకు లాగి పనిలో పడింది.

సంగతి తెలిసి పెద్దాయన ఊరుకోలేకపోయాడు. షూటింగ్ లేనప్పుడల్లా వచ్చి, ముక్కాలిపీట మీద కూచుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి గుండీలు కుడతాడు. నాలుగు గుండీలకు నాలుగు సార్లు వేలు పొడుచుకుంటాడు. "ఎలా ఉంది పిన్నీ?" అంటే, "భేషుగ్గా ఉంది" అంటుంది. ఆయన వెళ్లాక తలుపు దగ్గరగా వేసి, ఆ గుండీలన్నీ ఊడదీసి మళ్లీ కుట్టుకుంటుంది. ఆ సంగతి ఇంతవరకూ ఆయనకు తెలియదు.