గీత వెనక కూర్చున్నవాళ్ళు

నా చిన్నప్పుడు మేం పోర్టు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా పక్కింటి మావయ్య హార్బర్లో క్రేను నడిపేవాడు. పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, భుజాన తువ్వాలు వేసుకుని సరాసరి ఊళ్ళోని ఒక కాలేజీ గ్రౌండుకి వెళ్ళేవాడు. అక్కడ కబడ్డీ జట్టు ప్రాక్టీసు చేస్తుంటే చీకటి పడేదాకా గోడవార నిలబడి చూసేవాడు. ఆయన ఆ కాలేజీలో చదవలేదు. అసలు ఏ కాలేజీలోనూ చదవలేదు. పిల్లల్లేరు కాబట్టి అలా కాలక్షేపం చేస్తున్నాడని మా అమ్మ అనేది. అది నిజం కాదనుకుంటాను. ఆయనకి ఆ జట్టంటే ఇష్టం, అంతే.

వీధిలో మగవాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవారు.

"ఏటి బావా, సదవని కాలేజీ మీద నీకంత బాధేటి? ప్రిన్సిపాలు నీకు జీతమిత్తన్నాడేటి?"

"సదివుంటే నాను కూడా నీలాగే అరుగు మీద కూకుని ఊళ్ళోవోళ్ళ ఊసులు సెప్పుకుందును" అనేవాడు మావయ్య.

సెలవు రోజుల్లో నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. దారి పొడుగునా కాలేజీలో జట్టును ఎలా తయారుచేయాలో చెప్పేవాడు. బయటినుంచి తయారైన ఆటగాణ్ణి తెచ్చుకుంటే ఆ ఏడాదికి కప్పు వస్తుంది గాని, వాడు పోయాక గ్రౌండులో గడ్డి మొలుస్తుంది అనేవాడు. చివరి ఏడాది చదివేవాడు వెళ్ళిపోయేలోగా తన పట్టు కొత్తగా చేరినవాడికి నేర్పి వెళ్ళాలి, అలా నేర్పనివాడు ఎంత బాగా ఆడినా వాణ్ణి కెప్టెన్ని చేయకూడదు అనేవాడు. గెలిచిన మర్నాడు కోర్టు మట్టికి నీళ్ళు ఎవరైనా కొడతారు, ఓడిన మర్నాడు ఎవరు కొడతారో చూడాలి అనేవాడు. నాకివేవీ ఎక్కేవి కావు. నాకు కెప్టెన్ ఒక్కడే కావాలి. అతను కూతకు వెళ్ళాడంటే ఎవరో ఒకర్ని ముట్టుకోకుండా వెనక్కి వచ్చేవాడు కాదు.

ఆ ఏడాది మా కాలేజీ ఫైనల్‌కి వచ్చింది. మా కాలేజీ అన్నానని నవ్వకండి, అప్పటికి నాకూ అది మా కాలేజీయే. ఈసారి కప్పు రాకపోతే ఆటగాళ్ళకి సాయంత్రం పెట్టే తిండి ఆపేస్తామని కాలేజీవాళ్ళు చెప్పేశారు. ఆ జట్టులో చాలామంది పల్లెల నుంచి వచ్చి గదుల్లో ఉండే పిల్లలు. ఆ తిండి లేకపోతే ప్రాక్టీసుకి ఆగరు. ఇక జట్టు ఉండదు. మావయ్య ఆ వారమంతా ఎవరితోనూ పరాచికాలాడలేదు.

మ్యాచ్ రోజు జనమంతా కోర్టు పక్కన చేరితే మావయ్య నన్ను ఒక కొసకి, గీత వెనక్కి తీసుకెళ్ళాడు. కబడ్డీలో ఔటయినవాడు ఇంటికి పోడు. తన జట్టు వెనక, గీత అవతల వరసలో కూర్చుంటాడు. అవతలి జట్టువాడు ఒకడు ఔటయితే, ఇవతల ముందుగా ఔటయినవాడు లేచి మళ్ళీ లోపలికి వెళ్తాడు. మేం కూర్చున్నది మావాళ్ళు ఔటయి వచ్చి కూర్చునే చోటికి ఆనుకునే.

"ఒరే అల్లుడూ, ఈయేళ కోర్టు కాసి సూడకు. అటు ఈపు పెట్టి ఈళ్ళని సూడు. జనం అరిసినప్పుడల్లా పాయింటు ఎవులికొచ్చిందో ఈళ్ళ మొకాలు సూసి సెప్పు. సెప్తే మురీ మిక్చరు కొంటాను."

"నాను ఆట సూడ్డానికొచ్చాను మావా."

"ఆటే సూపిత్తన్నాను. కూకో."

తల తిప్పబోతే అరచేత్తో మెల్లగా మళ్ళీ ఇటే తిప్పేవాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జనం అరిచేవారు. నేను ఆ ముఖాలు చూసి "మనకే" అనేవాణ్ణి. "ఆళ్ళకి" అనేవాడు మావయ్య. మళ్ళీ అరిచేవారు. ఈసారి "ఆళ్ళకి" అంటే మనకయ్యేది. మళ్ళీ తప్పే. ఆ ముఖాల్లో ఏమీ కనపడేది కాదు. ఒకడు మోకాలి మీద పొక్కు గిల్లుకుంటున్నాడు. ఒకడు తనని ముందుగా కూతకు పంపినందుకు పక్కవాడితో తగువాడుతున్నాడు. కాసేపటికి కెప్టెన్ కూడా ఔటయి వచ్చాడు. కోర్టు వైపు వీపు పెట్టి కూర్చుని ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

సగం ఆట అయ్యేసరికి మావాళ్ళే ముందున్నారు.

"ఎవులు గెలుత్తారు?" అని అడిగాడు మావయ్య.

"మనోళ్ళే. పాయింట్లు మనకే ఎక్కువ కదా."

ఆయన తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. 

జట్లు వైపులు మారాయి. మేం కదల్లేదు. ఇప్పుడు అవతలి కాలేజీవాళ్ళు ఔటయి వచ్చి మా ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. కొండల కింద ఎక్కడో చిన్న ఊరి కాలేజీ వాళ్ళది. వాళ్ళ బనియన్లు కూడా ఒకే రంగువి కావు. వాళ్ళలో ఒకడు కూతకు వెళ్తే, ఇక్కడ కూర్చున్నవాళ్ళ పెదవులు కూడా అతనితోపాటు కదిలేవి. లోపల అతని ఊపిరి ఆగేదాకా వీళ్ళూ ఊపిరి తీసేవారు కాదు. "ఎడం మూల, ఎడం మూల" అని గొంతులు పోయేలా అరిచేవారు. ఒకడు లోపలికి వెళ్ళే వంతు వస్తే మిగిలినవాళ్ళు వాణ్ణి వీపు మీద చరిచి తోసేవారు. ఇంక నాకు ఏ పాయింటూ తప్పలేదు. వెనక్కి తిరగకుండానే ప్రతిదీ చెప్పాను. చెప్తున్నకొద్దీ నా గొంతు చిన్నదైపోయింది. ఆ ముఖాలు వెలుగుతూనే ఉన్నాయి.

ఓడిపోయాం. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. మాట ప్రకారం మావయ్య మురీ మిక్చరు కొన్నాడు. మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరప అన్నీ ఉన్నాయి గాని నోటికి కారం కూడా తెలియలేదు.

"మనోడు ఔటవ్వగానే ఇంటికెల్లిపోయినట్టు కూకున్నాడు, సూసావా? ఆళ్ళోడు ఔటయినా ఆడతానే ఉన్నాడు" అన్నాడు. 

కాలేజీలో తిండి ఆగిపోయింది. మర్నాడు మావయ్య ఉడికించిన సెనగలు పెద్ద క్యారేజీతో గ్రౌండుకి పట్టుకెళ్ళాడు. "ఊళ్ళో గుంటలందరికీ నానే వండాలేటి?" అని అత్త అరుస్తూనే తాలింపు పెట్టింది. ఆయన ముందుగా ఆడని పిల్లలకి పెట్టాడు, తర్వాత ఆడినవాళ్ళకి. కెప్టెన్ దాన్ని నామోషీగా అనుకుని రావడం మానేశాడు. మిగిలినవాళ్ళు వచ్చారు. వాళ్ళే కోర్టుకి నీళ్ళు కొట్టారు.

కొన్నేళ్ళకి కప్పు వచ్చింది. ఆ రోజు మావయ్య డ్యూటీలో ఉన్నాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి హార్బరు గేటు దగ్గర ఆయన బయటికి వచ్చేదాకా కాచుకుని చెప్పాను. ఎన్ని పాయింట్లతో గెలిచామని ఆయన అడగలేదు.

"కూకున్నోళ్ళు ఎలగున్నార్రా?" అన్నాడు.

నేను చూడలేదు. "బాగున్నారు మావా" అన్నాను. ఆయన నమ్మి తల ఊపాడు.

తర్వాత నేను ఆ కాలేజీలోనే చదివాను. ఉద్యోగం చేసి రిటైరై, ఇదే ఊళ్ళో సీతమ్మధారలో ఉంటున్నాను. పూర్వ విద్యార్థుల సంఘంలో ఆటల బాధ్యత నాకప్పగించారు. నేను బయటి జిల్లాల నుంచి తయారైన ఆటగాళ్ళని తెచ్చాను. వాళ్ళకి ఫీజు మాఫీ, మంచి గది, రోజూ గుడ్లు ఇప్పించాను. మిగిలిన పిల్లలకి పాత జెర్సీలు ఇప్పించాను. కప్పులు వచ్చాయి. కాలేజీ గుమ్మంలోని అద్దాల బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. దండలు కూడా వేయించుకున్నాను. తెచ్చినవాళ్ళు చదువు ముగించి వెళ్ళిపోయాక ఆడేవాళ్ళు మిగల్లేదు.

పోయిన నెల మీటింగులో జట్టును ఎత్తేసి, కోర్టు స్థలాన్ని బైకుల పార్కింగుకి ఇద్దామన్నారు. ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నారు. నా చెయ్యి లేచింది. అది వేరే ఎవరిదో అన్నట్టు దానికేసి చూశాను. టీ వచ్చింది, తాగాను. బయటికి వచ్చి గ్రౌండు పక్కనుంచే నడిచాను. మట్టిలో సున్నపు గీత ఇంకా కొద్దిగా కనిపిస్తోంది. బాధ వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు.

హార్బరు గేటు దగ్గర మావయ్యకి అబద్ధం చెప్పిన రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. ఎక్కడ ఆట జరిగినా నా కళ్ళు ముందు గీత వెనక్కే పోతాయి. మా కప్పుల రోజుల్లోనూ పోయాయి. పాత జెర్సీల్లో పిల్లలు ఫోన్లు చూసుకుంటూ, కోర్టు వైపు ఒకసారైనా తలెత్తకుండా కూర్చునేవారు. నాకు చూడటం మావయ్య నేర్పాడు కాబట్టి అన్నీ కనబడ్డాయి. గెలుస్తున్నాం కదా అని ఊరుకున్నాను.

మావయ్య పోయి చాలాకాలమైంది. అయినా హార్బరు గేటు మీదుగా బస్సు వెళ్ళినప్పుడల్లా కూకున్నోళ్ళు ఎలగున్నార్రా అన్న ఆ ప్రశ్న మళ్ళీ వినిపిస్తుంది. ఇప్పుడు అడిగితే అబద్ధం చెప్పను. సూసాను మావా, బాగోలేరు, సూసి కూడా నానేటీ సెయ్యలేదు అంటాను.