బాపుకు మిగిలిన ఏండ్లు

మా ఇంటికి రెండు తలుపులు. ముందు గడపకు ఎద్దు గిట్టకు కొట్టే ఇనుప నాల ఒకటి బిగించి ఉండేది, మా బాపు లోపలికి రాకూడదని. వెనక తలుపుకు గడియ ఉన్నా మా అవ్వ దాన్ని ఒక్కనాడూ వెయ్యలేదు, మా బాపు లోపలికి రావాలని. కన్నతల్లిని మేము అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, ఆయన తల్లిని బాపమ్మ అంటాం. చనిపోయిన బాపు కోసం ఒకటి మూసి, ఒకటి తెరిచి పెట్టిన ఇంట్లో నేను పెరిగాను.

ఆయన పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళు కావస్తోంది. మాది బోధన్ దగ్గరి చెరుకు ఊరు. చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడితే మా ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. బాపు చెరుకు పండించేవాడు, సీజన్ వస్తే బండి కట్టి తానే ఫ్యాక్టరీకి తోలేవాడు. ఆ ఏడు వానలు మొదలైన దగ్గర నుంచి ఆయన మాట తగ్గిపోయింది. పిలిస్తే పలికేవాడు కాదు. కంచం ముందు పెడితే చూస్తూ కూర్చునేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇవాళైతే దానికి మందులున్నాయి, కూర్చోబెట్టి మాట్లాడే డాక్టర్లున్నారు. ఆనాడు మా ఊళ్ళో తాయెత్తు తప్ప ఇంకేం లేదు. శ్రావణంలో ఒక పొద్దున ఆయన చేను బావిలో పడి ప్రాణం తీసుకున్నాడు. ఎందుకో ఊరంతా తలా ఒక మాట అంది. నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాయబుద్ధి కాదు.

శవాన్ని ఇంటి ముంగిట్లోకి కూడా తేనివ్వలేదు. చేను గట్టు మీది నుంచే తీసుకుపోయి కాల్చారు. మూడో నాడు బాపమ్మ నన్ను చెయ్యి పట్టుకుని అయ్యగారి ఇంటికి తీసుకుపోయింది. ఆయన అరుగు మీద పంచాంగం పెట్టుకుని కూర్చున్నాడు. బాపమ్మ కింద నిలబడి దండం పెట్టింది.

"అయ్యా, నా కొడుక్కు దినాలు చెయ్యాలె."

"దుర్మరణానికి దినాలు ఉండవు ముసలమ్మా. రాసిపెట్టిన ఆయుష్షు నిండకుండ తనంతట తనే తెంచుకున్నడు. అది నిండేదాక మీదికి పోడు, కిందికి రాడు. గాలిల తిరుగుడే."

"ఎన్నాళ్ళు తిరుగాలె అయ్యా?"

పుట్టిన యాడాది చెప్పమన్నాడు. మా ప్రాంతంలో పుట్టిన తేదీలు ఎవరికి తెలుసు! గోదావరి పొంగిన యాడాది, కలరా వచ్చిన యాడాది అని చెప్పుకోవడమే. బాపమ్మ కాసేపు నేల చూసింది. "నిజాంసాగర్ కాలువ తవ్వుడు షురువైంది సూడుండ్రి, గా యాడాది" అంది. ఆయన వేళ్ళు మడిచి, పేజీలు తిప్పి, మీ వాడికి యాభై ఒక్క ఏళ్ళు రాసి ఉంది, బతికింది ముప్పై నాలుగు, ఇంకా పదిహేడు తిరగాలి అని తేల్చాడు. ఆ యాభై ఒకటి ఎక్కడ దొరికిందో ఆయనకే ఎరుక. అప్పటిదాకా, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు బాపు పేరున బియ్యం ఇవ్వకూడదన్నాడు. ఇంటి గడపకు ఇనుము కొట్టించమన్నాడు.

ఇనుము కోసం ఎద్దులకు నాలలు కొట్టే సాయెబు దగ్గరికి వెళ్ళాం. బాపుకు ఆయన స్నేహితుడు. మా ఎద్దులకు ఎప్పుడూ ఆయనే కొట్టేవాడు. సంగతి విని సుత్తి పక్కన పెట్టాడు.

"మా దాంట్ల గూడ గిది పెద్ద గునా, పాపం అంటరు పెద్దమ్మా. కొందరు మౌల్వీలు గసొంటి శవానికి నమాజు గూడ సదువరు. గాని దువా చేస్తే ఎవరాపుతరు? నేను చేస్త."

కొత్త నాల ఇవ్వలేదు. మూలన పడేసిన అరిగిన నాల ఒకటి వెతికి తీశాడు. "గిది మీ ఎర్రెద్దుదే. కొట్టేదే ఉంటే గిదే కొట్టుండ్రి. వానికి ఎరుకైనదే ఉండనీ" అన్నాడు. బాపమ్మ దాన్ని కొంగున కట్టుకుని దారంతా ఏడ్చింది.

ముందు గడపకు నాల పడిన రోజే అవ్వ వెనక తలుపు తెరిచి పెట్టింది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా లేవు. వెనక తలుపు తీస్తే చిన్న పెరడు, పెరటి గోడ అవతల చెరుకు. పెత్రమాస వచ్చే సరికి ఆ చెరుకు మనిషిని మించి పెరిగి, గాలి ఉన్నా లేకున్నా గరగరమంటుంది. ఎవరో ఆకులు తప్పించుకుంటూ నడిచి వస్తున్నట్టే వినిపించేది. నేను గోడ వైపు తిరిగి పడుకుని, దుప్పటి చెవుల మీదికి లాక్కునేదాన్ని. బడిలో పిల్లలు నా పక్కన కూర్చునేవారు కాదు, మీ బాపు బావి కాడ కనబడ్డాడని చెప్పేవారు. తడి బట్టలతో ఉన్నాడని ఒకరు, మూతి కదుపుతున్నాడు గాని మాట రావట్లేదని ఒకరు. ఆ రెండో మాట నన్ను చాలా రోజులు పీడించింది, ఎందుకంటే బతికి ఉన్నప్పుడు చివరి రోజుల్లో ఆయన అచ్చంగా అలాగే ఉండేవాడు. నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి, నాకు చెరుకు గడ చెక్కు తీసి చేతికిచ్చిన మనిషి, ఆయనకే నేను భయపడ్డాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పెత్రమాస అంటే మాకు పొద్దున పెద్దలు, సాయంత్రం పూలు. పొద్దున అయ్యగారు ఇంటింటికీ వచ్చి పోయినవాళ్ళ పేర్లు చెప్పించుకుని, నువ్వులు నీళ్ళు వదిలి, బియ్యం, పప్పు, గుమ్మడికాయ తీసుకుపోతాడు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పూల పండుగకు తొలి రోజు. మా ఇంట్లో తాత పేరు చెప్పేవారు, ముత్తాత పేరు చెప్పేవారు. ఎన్నడూ మొహం చూడని ముత్తాత తమ్ముడి పేరు కూడా చెప్పేవారు. అక్కడితో ఆగిపోయేవారు. అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అడగకుండా చాట లాక్కునేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆయన వెళ్ళాక అవ్వ ఒక విస్తరిలో అన్నం, గుమ్మడికాయ కూర పెట్టి వెనక తలుపు బయట, పెరట్లో ఉంచి వచ్చేది. బాపమ్మ చూసేది. దానికి కోడలిని ఏనాడూ ఒక్క మాట అనలేదు, అంతకు ముందు అన్నిటికీ అనే మనిషి.

నేను నిజామాబాద్‌లో టీచర్ ట్రైనింగ్ చదువుతుండగా బాపమ్మ మంచం పట్టింది. బస్సెక్కి వచ్చాను. ఒక మధ్యాహ్నం అవ్వ చేనుకు పోయినప్పుడు ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, అయ్యగారికి నేను అబద్ధం చెప్పిన."

ఏ అబద్ధమో నాకు వెంటనే అర్థం కాలేదు.

"కాలువ తవ్వుడు షురువైన యాడాది పుట్టింది మీ బాపు గాదు. గప్పుడు పుట్టింది నా పెద్ద కొడుకు, పాలు తాగే ఈడుల్నే పోయిండు. మీ బాపు కాలువల నీళ్ళొచ్చినంక పుట్టిండు. ఏడేండ్ల తేడా ఉన్నది."

"ఎందుకు గట్ల చెప్పినవ్ బాపమ్మా?"

"తల్లిని గదనే. ఎంత పెద్దోడని చెప్తే గన్ని ఏండ్లు తక్కువ తిరుగుతడు అనుకున్న. ఆ సచ్చిపోయిన పిల్లగాని యాడాది వీనికి పెట్టిన."

నేను నవ్వబోయాను. యముడి లెక్క తప్పించడానికి పంచాంగం ముందు అబద్ధమాడిన మనిషి! ఆమె ముఖం చూసి నవ్వు ఆగిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఆ అబద్ధం ఆమెను నమిలి తింటోంది.

"పదిహేడు నిండంగనే మీరు బియ్యమిస్తరు. పేరు పెట్టి పిలుస్తరు. వాడు ఆశతోని పోతడు. పెద్దలు కూసున్న కాడ, నీకింకా ఏడేండ్లున్నయి పో, అని ఎల్లగొడ్తే? తిరిగొచ్చేసరికి మీరు తలుపులు మూసుకుంటరు. వాడు ఏడికి పోవాలె బిడ్డా?"

అవ్వకు చెప్పొద్దని ఒట్టు వేయించుకోబోయింది, దగ్గు వచ్చి ఆగిపోయింది. నేను ఒట్టు వెయ్యలేదు. ఆ నెలలోనే ఆమె పోయింది. ఆమె ఆయుష్షు నిండే పోయింది కనుక దినాలన్నీ చేశారు.

నాకు ఉద్యోగం వచ్చింది. గ్రహణం రోజు పిల్లలను బయట నిలబెట్టి, పామూ లేదు గీమూ లేదు, నీడ అని చెప్పే టీచర్ని నేను. దయ్యాలు నమ్మను. అయినా ప్రతి పెత్రమాసకు మనసులో రెండు లెక్కలు నడిచేవి, ఒకటి అయ్యగారిది, ఒకటి బాపమ్మది.

అయ్యగారి పదిహేడు నిండింది. ఆయనే గుర్తు పెట్టుకుని కబురు చేశాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. నిజానికి నాకు సంతోషంగా ఉంది. ఇక మా అవ్వను దయ్యం పెళ్ళామని ఎవరూ అనరు, నన్ను దయ్యం బిడ్డ అనరు, అవ్వ ఎదురుచూసింది ఈ రోజు కోసమే అనుకున్నాను. ఇల్లు అలికి, ముగ్గు వేసి, చాటలో బియ్యం పోశాం. అయ్యగారు తాత పేరు చెప్పించుకున్నాడు, బాపమ్మ పేరు చెప్పించుకున్నాడు. తర్వాత అవ్వ వైపు చూశాడు.

"ఇగ ఆయన పేరు చెప్పమ్మా."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య మొగుని పేరు నోటితో అనదు కదా. చెప్పవలసిన బాపమ్మ లేదు. అయ్యగారు నా వైపు తిరిగాడు. నేను కూడా ఆ పేరు ఎన్నడూ పైకి అనలేదు. మా ఇంట్లో పదిహేడేళ్ళుగా ఎవరూ అనలేదు. నోరు తెరిచాను గాని, పో అని వెళ్ళగొడితే ఏడికి పోవాలె బిడ్డా అన్న ముసలిదాని గొంతు అడ్డం వచ్చింది. అవ్వ నన్నే చూస్తోంది. నేను పేరు చెప్పాను. అయ్యగారు దాన్ని మూడుసార్లు పలికి నువ్వులు నీళ్ళు వదిలాడు. గడపకున్న నాల ఇక తీసేయవచ్చన్నాడు. పక్కింటాయన వచ్చి దాన్ని ఊడబెరికాడు. చెక్కలో తుప్పు మరక, మేకుల బొక్కలు మిగిలాయి.

సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని పోతున్నారు. అవ్వ వెనక తలుపు దగ్గర ఏదో కొడుతున్న చప్పుడు. వెళ్ళి చూశాను. గడియ తుప్పు పట్టి కదలడం లేదు, పదిహేడేళ్ళు వెయ్యలేదు మరి. ఆమె దానికి నూనె చుక్కలు వేసి, రోకలితో మెల్లగా కొట్టి, ముందుకు వెనక్కు ఆడించి, చివరికి వేసేసింది. వేసి, తలుపుకు ఆనుకుని కూలబడింది. బాపు పోయినప్పుడు ఆమె ఏడవడం నాకు గుర్తు లేదు. ఇప్పుడు ఏడ్చింది.

"పోయిండు ఇగ."

"మంచిదే గదవ్వా. పెద్దల్ల కలిసిండు."

"నీకేమెరుక? పెండ్లయినంక నా తోని ఉన్నది తొమ్మిదేండ్లు. సచ్చినంక ఉన్నది పదిహేడేండ్లు. ఆ తొమ్మిదేండ్లల నా తోని సరిగ మాట్లాడెటోడు గాదు, ఈ పదిహేడేండ్లల నేనేం చెప్పినా వింటుండె. పొద్దుగూకితే ఇంటెన్కకు వచ్చి నిలబడుతుండె. నీ నౌకరి వచ్చిన సంగతి గూడ చెప్పిన. ఇప్పుడు ఎవలికి చెప్పాలె?"

ఇన్నేళ్ళూ నేను ఆమెను విడిపించాలనుకున్నది దేని నుంచో, ఆమె బతికింది దాని మీదే. పొద్దున నేనే పేరు పెట్టి ఆయనను పంపించేశాను. నేను నమ్మనివాటికి నా గుండె ఎందుకంత కొట్టుకుందో చెప్పలేను. ఆమె ముందు కూర్చుని బాపమ్మ చెప్పినదంతా చెప్పాను. కాలువ తవ్వుడు, కాలువల నీళ్ళు, ఆ పాలు తాగే పిల్లవాడు, అంతా.

"ఇంకా ఏడేండ్లున్నయవ్వా" అన్నాను.

ముసలిదాన్ని తిడుతుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి పొద్దున పోయిండు గద."

"పోయినా ఉండనియ్యరంట. ఎల్లగొడ్తరంట."

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది, అబద్ధం చెబుతున్నానేమోనని. తర్వాత లేచింది. నూనె వేసి ఉంది కనుక గడియ ఈసారి ఒక్క గుంజుకు వచ్చేసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది. గోడ అవతల చెరుకు గరగరమంది. వంటింట్లోకి పోయి విస్తరి తెచ్చి, అన్నం, గుమ్మడికాయ కూర పెట్టింది. ఎప్పుడూ పెరట్లో పెట్టేది, ఈసారి గడప లోపల పెట్టింది.

"పొద్దటి సంది తిరుగుతనే ఉండె. ఎవలేం పెట్టి ఉంటరు" అంది. "జెర జరుగు బిడ్డా, బాపును కూసోనియ్యి."

నేను జరిగి చోటిచ్చాను.